మనసు చలనం, ఒంటి బాధ

1591లో కట్టిన చార్మినార్‌కు పక్కనే, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో వెలసిన నిజామియా యునానీ ఆసుపత్రి, గ్రీకు దేశంలో పుట్టి అరబ్బు, పారశీక వైద్యుల చేతుల్లో పెరిగిన వైద్యానికి నిలయం. ఆ వైద్యంలో ‘అస్బాబె సిత్తా జరూరియా’, అంటే ఆరోగ్యాన్ని నిలబెట్టేవీ చెడగొట్టేవీ అయిన ఆరు అనివార్య కారణాలలో గాలి, అన్నపానాలు, శ్రమ, నిద్ర, విసర్జనలతో పాటు మనసు చలనానికీ స్థానం ఉంది. ప్రేమ వల్ల క్రుంగిన రోగి ముందు కొన్ని పేర్లు పలుకుతూ, ఏ పేరుకు నాడి తడబడుతుందో గమనించి కారణం గుర్తించే పద్ధతిని వైద్యుడు ఇబ్న్ సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’ అనే వైద్యగ్రంథంలో వివరించాడు.

నాడి అలా తడబడే దారిని ఆధునిక శాస్త్రం విప్పిచెప్పింది. భయమో ఆందోళనో కలిగినప్పుడు మెదడు ఇచ్చే సంకేతంతో మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, ఆ తరువాత కార్టిసాల్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. దానితో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. ఆపద నుంచి తప్పించుకోవడానికి ఏర్పడిన ఈ సన్నాహం అప్పులూ కుటుంబ కలహాలూ తెచ్చే దిగులుతో నెలల తరబడి సాగినప్పుడు తలపోటు, మెడనొప్పి, గుండెదడ, కడుపు ఉబ్బరం, నిద్రలేమి రూపంలో బయటపడుతుంది. పరీక్షల్లో లోపం కనిపించనంత మాత్రాన ఆ నొప్పి నటన కాదు, ఎందుకంటే బిగిసిన కండరమూ గుండె వేగంగా కొట్టుకోవడమూ నిజమైనవే. ఆప్తుల మరణం వంటి తీవ్ర ఆఘాతంతో గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే ‘తకోత్సుబో’ అనే స్థితిని జపాన్ వైద్యులు 1990లో వర్ణించారు.

అయితే ప్రతి బాధనూ మనసుకు అంటగట్టడం కూడా ప్రమాదమే. ఆందోళన వల్ల వస్తుందని చాలాకాలం నమ్మిన కడుపు పుండుకు తరచూ ఒక బ్యాక్టీరియా కారణమని నిరూపించిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. అందుచేత ఛాతీనొప్పి, ఆయాసం, అకారణంగా బరువు తగ్గడం వంటి లక్షణాలకు ముందుగా శరీర పరీక్షలు జరగాలి.

మనోవ్యాధికి మందు లేదన్న సామెత నేటి పరిస్థితికి అంతగా సరిపోదు: ఆలోచనల తీరును సరిదిద్దే సంభాషణ చికిత్స, క్రమమైన నడక, నిద్ర, అవసరమైతే మందులు ఈ బాధలను తగ్గించగలవు. మనసు విప్పి మాట్లాడదలచినవారికి 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుబాటులో ఉంది.