అటకమీది నిదుర



మన ఖమ్మము అడవి యంచులందును, భద్రాచలపు మన్యపు పల్లెలందును నేలను విడిచి యెత్తున నిదురించుట క్రొత్త సంగతి కాదు. జొన్నకంకి పాలుపోసుకొను నాళ్ళలో అడవిపందులు చేనిపై బడకుండ కాపరి మంచె నెక్కి తెల్లవారువఱకు అచ్చటనే యుండును. ఇంటిలో నట్టి యెత్తుచోటు ఇంకొకటి కలదు. అదియే అటక. తొలుత అది కుండలకును విత్తనములకును నెలవు. ఇల్లు ఇఱుకై, మనుష్యులు పెరిగినచోట అటకమీదికి పడకయు నెక్కినది. చదువులకును పనులకును పట్టణము చేరిన మన పిల్లలును ఒక్కగది అద్దెకు దీసికొని, నలుగురు క్రింద పండుకొనగా, అయిదవవాడు సామానుకై కట్టిన సజ్జమీదికి ప్రాకుచున్నాడు. ఇంటిలో నెవరెచ్చట పండుకొనవలెనో నిర్ణయించువారు మీరు. కనుక ఈ విషయమును మీ యెదుట నుంచుచున్నాను.

ఎత్తున పండుకొన్నవానికి భయము లేదని మనలో నొక నమ్మకము కలదు. అందు సగము నిజము. ఏ సగము నిజమో తెలిసినచో అటక మేలు చేయును; తెలియకున్న కీడు చేయును.

మొదట నిజమైన సగమును చెప్పెదను. మన ప్రాంతమున రాత్రివేళ తిరుగు విషసర్పములలో కట్లపాము మిక్కిలి ప్రమాదకరమైనది. అది నేలపై ప్రాకుచు వచ్చి, చాపమీద నిదురించువాని ప్రక్కలో దూరును. వాడు ఒత్తిగిలినప్పుడు కఱచును. దాని కోఱలు చిన్నవి. కాటు నొప్పియైన నుండకపోవచ్చును. తెల్లవారుసరికి కడుపునొప్పి, కనుఱెప్పలు వాలుట, మ్రింగుట కష్టమగుట కనబడి, తుదకు ఊపిరి నిలిచిపోవును. నిదుర లేచినవానియందు ఈ లక్షణములు కనబడినచో గాటు కనబడలేదని ఉపేక్షింపరాదు. కోయుట, బిగించి కట్టుట, పసరు పోయుట కాలహరణములు. అతనిని నడువనీయక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. మన దేశమున తయారగు విషహరౌషధము నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మొదలగు నాలుగు ముఖ్యజాతుల విషమునకు పనిచేయును.

నేలను విడుచుటవలన ఈ యాపద చాలవఱకు తొలగును. అయితే అందులకు అటకయే కావలయునా? మూడడుగుల మంచమును, దాని పఱుపు క్రిందికి చక్కగా దోపిన దోమతెరయు ఈ మేలునే చేయును. నిచ్చెన యెక్కలేని ముసలివారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. ఇంకొక మాట: అటకమీద ధాన్యమున్నచో ఎలుక వచ్చును, ఎలుక యున్నచోటికి పాము దారి వెదకుకొని వచ్చును. కావున పడకయు గింజలును ఒకే అటకపై నుంచరాదు.

ఇక దోమ సంగతి. దాదాపు 2400 ఏండ్ల క్రిందట హెరొడోటసు అను గ్రీకు చరిత్రకారుడు ఈజిప్టుదేశమును గూర్చి వ్రాయుచు ఒక వింత చెప్పినాడు. చిత్తడినేలలకు ఎగువ నుండువారు ఎత్తైన గోపురముల నెక్కి నిదురింతురట. గాలి తాకిడికి దోమలు అంతయెత్తు ఎగురలేవట. చిత్తడిలోనే యుండువారు పగలు చేపలు పట్టిన వలనే రాత్రి పడకచుట్టు కప్పుకొందురట. ఇందు మనము గ్రహింపవలసిన దేమి? గోపురమున కాపాడినది గాలి, ఎత్తు కాదు. మన మంచెకును ఆ గుణమే కలదు. నాలుగువైపుల గాలి వీచును. అటక యట్లు కాదు. అది మూసిన యెత్తు. దోమ అచ్చటికి సుఖముగా వచ్చి, గాలి లేని మూలలో నిలుచును. మలేరియా దోమవలన వ్యాపించుననుటకు మూలమైన పరిశోధనను రొనాల్డు రాసు 1897లో మన సికిందరాబాదుననే చేసినాడు. ఆ దోమ రాత్రివేళ కుట్టును. వాగులును చెలమలును గల మన యడవిసీమలో మన్యపు జ్వర మన్నపేరు దానివలన వచ్చినదే. కనుక అటకమీదనైనను దోమతెర యుండవలెను. దోమబత్తిని పడక చెంత వెలిగించి నిదురించుట దుప్పటికి నిప్పంటించుకొనుటకు సిద్ధపడుటయే.

మంచెకు గల గాలి అటకకు లేకుండుటవలన మఱి రెండు కీడులు కలుగును: ఒకటి వేడి, రెండవది పొగ. వేడిగాలి తేలికయై పైకి బోవును. కనుక ఇంటిలో మిక్కిలి వేడియైన చోటు కప్పు క్రిందిదే. తాటియాకు కప్పు ఎండను లోనికి అంతగా దింపదు. రేకుల కప్పు పగలు నిప్పువలె కాగును. సిమెంటు కప్పు పగలెల్ల ఎండను త్రాగి రాత్రి మెల్లమెల్లగా వెలిగ్రక్కును. కొత్తగూడెము ప్రాంతమున వేసవిని 45 డిగ్రీలు దాటిన దినములును కలవు. అట్టి రాత్రులందు అటకపై పసివానిని గాని ముసలివానిని గాని పండబెట్టుట ప్రమాదము. వేసవిలో పడక క్రిందికి దిగవలెను. తక్కిన కాలమందైనను అటకకు ఎదురెదురుగా రెండు గవాక్షములుండవలెను. ఒక్కటి చాలదు; వచ్చిన గాలికి పోవు దారి కావలెను.

పొగయు వేడిగాలివలెనే పైకెక్కును. ఇంటిలో నిప్పంటుకొన్నచో పొగ మొదట కప్పుక్రింద నిండి, తరువాత క్రిందికి దిగును. అనగా అటకమీదివాడే మొదట ఉక్కిరిబిక్కిరి యగును. వాడు దిగవలసినది ఆ మంటలవైపే. చలికాలమున తలుపులు మూసి బొగ్గుల కుంపటి నుంచుకొనుట ఇంకను ఘోరము. దానినుండి వెలువడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిదురించువాడు నిదురలోనే ప్రాణము విడుచును. కావున అటకపై నెవరైన పండుకొన్నప్పుడు పొయ్యి పూర్తిగా ఆర్పవలెను. కుంపటి వాకిట నుంచవలెను.

ఇప్పుడు అటక బలమును గూర్చి. ఒక వడ్లబస్తాకును ఒక పెద్దమనిషికిని బరువున నంతగా భేదము లేదు. కావున బస్తాలు మోసిన అటక మనిషిని మోయదా అని కొంద ఱడుగుదురు. బస్తా కదలదు. మనిషి ఒత్తిగిలును, లేచి కూర్చుండును, అంచున ఒక్క కాలూని దిగును. ఆ క్షణమున బరువంతయు ఒక్క వాసముపై బడును. దూలము క్రింద మెత్తని పిండి రాలుచున్నచో కఱ్ఱను పురుగు తొలుచుచున్నదని తెలియవలెను. కొట్టిచూడగా డొల్లమ్రోత వచ్చినచో చెద పట్టినదని తెలియవలెను. వెదురునకు ఈ పురుగుబాధ మఱింత యెక్కువ. పట్టణపు గదులలోని సజ్జ సామానుకై పోసిన పలుచని పలక; దానిని మనిషి పడకకై కట్టలేదు. పైగా దాని చేరువనే పంకా తిరుగుచుండును. నిదురమత్తులో చేయి చాచినను, తల యెత్తినను అపాయమే. అట్టి సజ్జపై మన పిల్లలు పండుకొనుచున్నారేమో ఒకమాఱు అడిగి తెలిసికొనుడు.

నిచ్చెనను నిలువుగా నిలుపరాదు. అటక ఎనిమిది అడుగుల యెత్తున నున్నచో నిచ్చెన కాలు గోడకు రెండడుగుల దూరమున నుండవలెను. నాలుగుకు ఒకటి యని లెక్క. పై కొనను దూలమునకు కట్టవలెను. అది అటకను మించి మూరెడు పైకి నిలిచినచో దిగువానికి చేయూత యగును. అంచుపొడుగున పఱుపుకంటె జానెడైన నెత్తుగా గట్టి కటకటా లమర్చవలెను. చేతికందునట్లు ఒక దీపముండవలెను. ఆఱేండ్లలోపు పిల్లలు, గర్భిణులు, మూర్ఛరోగులు, రాత్రి పలుమాఱులు లేవవలసిన వృద్ధులు అటకపై పండుకొనరాదు. ఇప్పసారా త్రాగినవానికి ఆ రాత్రి నేలయే మేలు. వానికి దోమతెర కట్టుడు.

చివరి మాట గోదావరిని గూర్చి. భద్రాచలమున నీరు 43 అడుగులు చేరినప్పుడు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది చేయుదురు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగుల వఱకు వచ్చినది. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటినది. నీరు వచ్చినచో అటక యెక్కెదమని ధైర్యపడువారు కలరు. మట్టిగోడ నానినచో దానిపై దూలము నిలువదు. అటకకు దిగు దారి ఒక్కటే, అదియు నీటిలోనికే. హెచ్చరిక విన్నంతనే పిల్లలను, వృద్ధులను, పశువులను మెఱకకు చేర్చుడు. వరదరాత్రి అటక ఆశ్రయము కాదు.

మంచెమీది కాపరికి నిదుర సుఖముగా నుండుటకు కారణము అతని చుట్టునున్న గాలియు, తాను స్వయముగా కట్టిన కఱ్ఱల బలమెఱుగుటయు. ఆ రెండును ఇంటి అటకకు సమకూర్చగలిగినచో సమకూర్చుడు. సమకూర్పలేనిచో అటకను కుండలకే విడిచిపెట్టి, మనుష్యులకు మంచమును దోమతెరయు నిచ్చుట మేలు. నేటి రాత్రి పండుకొనుటకు ముందు ఒక దీపము చేత బట్టి మీ యింటి అటకను, దాని దూలములను, దాని నిచ్చెనను ఒకపరి పరీక్షింపుడు.