ఎండకాలంల కయోటి వేట: కాపరి లెక్క వేరు, వేటగాని లెక్క వేరు

ఫోన్లల్ల అమెరికా వేట వీడియోలు మస్తు తిరుగుతున్నయ్. తుపాకి, దాని మీద దుర్బిణి, దెబ్బతిన్న కుందేలు లెక్క అరిచే ఒక డబ్బ. ఆ అరుపుకు ఉర్కొచ్చిన జంతువును కాలుస్తరు. దాని పేరు కయోటి. మన నక్కకు దగ్గరి సుట్టం, జెర పెద్దగుంటది. దాన్ని ఎండకాలంల వేటాడాల్నా, ఇడిసిపెట్టాల్నా అని అక్కడ ఎప్పటిసంది పంచాది నడుస్తున్నది. గొర్లు కాసే ఇంట్ల పుట్టినోన్ని గాబట్టి నాకు ఇది పరాయి ముచ్చట అనిపియ్యలే.

ముందుగాల ఒకటి యాదిల పెట్టుకోవాలె. అక్కడ ఎండకాలమంటే మనలెక్క మార్చి, ఏప్రిల్ గాదు. జూన్, జులై, ఆగస్టు.

పంచాది అంతా ఆ నెలల మీదనే ఎందుకంటే, కయోటిలు చలికాలం ఆఖరుకు జతకడ్తయ్. రెండు నెలలు మోసి ఏప్రిల్, మే నెలలల్ల ఈన్తయ్. ఒక్క ఈతకు మామూలుగ నాలుగు నించి ఏడు పిల్లలు. తల్లి, తండ్రి రెండూ తెచ్చి మేపుతయ్. జూన్ వచ్చేసరికి పిల్లలు పాలిడిసి మాంసానికి మరుగుతయ్. సరిగ్గ అప్పుడే బీళ్లల్ల గొర్రెపిల్లలు తిరుగుతుంటయ్. ఎలుకలు, కుందేళ్లు పట్టి అన్ని కడుపులు నింపాలంటే రాత్రంత తిరగాలె. ఒక్క గొర్రెపిల్ల దొరికితే ఆ పూట గడుస్తది.

ఇది ఉత్త ఊహ గాదు. ఉటా రాష్ట్రంల కొన్ని కయోటి జంటలకు పిల్లలు కాకుండ ఆపరేషన్ చేసి చూసిన్రు. ఆ జంటలు గొర్రెపిల్లలను చంపుడు బాగ తగ్గింది. 2001ల ఆ పరిశోధన అచ్చయింది. అంటే కయోటి గొర్ల మీద పడేది ఎక్కువగ పిల్లల ఆకలి కోసమే.

చట్టం ఒక్కో రాష్ట్రంల ఒక్కో తీరు. టెక్సస్‌ల ఏడాది పొడుగూత వేటాడొచ్చు. న్యూయార్క్‌ల అక్టోబర్ నించి మార్చి దాకనే. చలికాలంల బొచ్చు ఒత్తుగుంటది, తోలుకు ధర వస్తది. ఎండకాలం తోలు ఎవ్వడూ కొనడు.

"చంపుకుంట పోతే తగ్గుతయ్ గదా" అని మీరు అడుగుతరు. అమెరికా సర్కారు 1915 నించి గొర్ల, పశువుల జోలికొచ్చే జంతువులను చంపెతందుకు పైసలు పెడ్తనే ఉన్నది. మందు పెట్టిన్రు, బోన్లు పెట్టిన్రు, విమానాల మీదికెల్లి కాల్చిన్రు. ఇయ్యాల్టికి గూడ సర్కారోళ్లే ఏడాదికి 50 వేలకు పైగ కయోటిలను చంపుతున్నరు. ఐనా ఏమైంది? తోడేళ్లు శాన జాగలల్ల మాయమైనయ్, కయోటిలు మాత్రం పడమటి మైదానాల కెల్లి తూర్పు సముద్రం దాక పాకినయ్. ఒక జంట పోతే ఆ జాగలకు ఇంకో జంట వస్తది. మంద పల్చగైతే తిండి ఎక్కువ దొరికి, పుట్టిన పిల్లలు ఎక్కువ బతుకుతయ్.

కాలిఫోర్నియల గొర్ల నడుమ చేసిన ఇంకో పరిశోధన నాకు అసలు జవాబు లెక్క కనవడ్డది. గొర్లను చంపేది ఎక్కువగ ఆ జాగల పిల్లలు పెట్టిన జంటనే. ఆ జంటను తీసేస్తే కొన్ని దినాలు నష్టం ఆగింది. కొత్త జంట రాంగనే మళ్ల మొదలైంది. దొరికిన కయోటినల్లా కాలిస్తే మాత్రం పెద్ద ఫాయిద లేకపాయె.

అందుకే నా మాట ఇది. కండ్ల ముంగట పిల్లలు పోతున్న కాపరి, తన మంద మీద పడ్డ జంటను ఎండకాలంల కాలిస్తే నేను తప్పు పట్టను. ఆయనకు ఆ కొన్ని దినాలే ఏడాది కమాయి. గాని ఏ మంద లేని తాన, తోలు పనికిరాని నెలల, సరదాకు తల్లిని కాల్చుడు నాకు నచ్చదు. పొక్కల పిల్లలు ఆకలికి సస్తయ్, ఊర్లె ఒక్క గొర్రె గూడ ఎక్కువ బతకదు. కాపరి గూడ ఒక్క తుపాకినే నమ్ముకుంటే అయ్యేది లేదు. అక్కడ మందతోని పెరిగిన కావలి కుక్కలు, రాత్రి దొడ్లు, కరెంటు కంచెలు కలిపి వాడ్తరు.

తమ్ముళ్లూ, ఆ వీడియోలు చూసి మన తాన ఎవ్వరూ నక్క ఎన్క పడకుండ్రి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన నక్కకు, తోడేలుకు రక్షణ ఉన్నది. చంపితే జైలే. పొలం సుట్టు కరెంటు తీగ గుంజితే, నక్క కన్న ముందు రాత్రి నీళ్లు కట్టనీకి పోయిన మనిషే పడొచ్చు. మందను కాపాడాలంటే రాత్రి దొడ్డి గట్టిగుండాలె, ఈనిన గొర్లను, పిల్లలను ఇంటి దగ్గర్నే ఉంచాలె, సచ్చిన జీవాన్ని బయట పారెయ్యకుండ బొందవెట్టాలె. ఆ వాసనకే నక్కలు, ఊరకుక్కలు మందకు మరుగుతయ్.