జాతీయ రహదారిలో దారులు కలిసే చోటు: ఉద్దానం ప్రమాద బాధితుల పరిహార హక్కు

వ్యాససంగ్రహం:
చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి టెక్కలి, పలాసల మీదుగా ఉద్దానం అంచున సాగుతుంది. గ్రామాల దారులు, సర్వీసు రోడ్లు ప్రధాన మార్గంలో కలిసే చోట జరిగే ప్రమాదాలలో గాయపడినవారికి మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం పరిహారం ఎలా నిర్ణయమవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. తప్పు ఎవరిదన్న ప్రశ్నతో పాటు, గాయపడిన అవయవం ఏ పని చేసేదన్న ప్రశ్న కూడా పరిహారాన్ని శాసిస్తుందని చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఉద్దానం, జాతీయ రహదారి, నిర్లక్ష్యం, ఆర్జనశక్తి, పరిహారం, ట్రిబ్యునల్.

1. ఉపోద్ఘాతం:
ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటల సీమ. పలాస జీడిపప్పు పరిశ్రమకు, టెక్కలి గ్రానైటుకు పేరుపొందాయి. తోటల నుంచి, పల్లెల నుంచి పనికి వెళ్లేవారి ఆటోలు, ద్విచక్రవాహనాలు దూరప్రాంతాల లారీలు వేగంగా సాగే దారిలోకే ప్రవేశించాలి. విషయాన్ని స్పష్టపరచడానికి ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకోవచ్చు. ఉద్దానం పల్లెకు చెందిన 34 ఏళ్ల మహిళ పలాసలో జీడిపిక్కలు కొట్టి, కిలోల లెక్కన నెలకు సుమారు 9,000 రూపాయలు సంపాదిస్తోంది. ఆమె ఎక్కిన షేర్ ఆటో రహదారిలో కలుస్తుండగా వెనుక నుంచి వచ్చిన లారీ ఢీకొంది. ఆమె కుడిచేతి వేళ్లు పట్టు కోల్పోయాయి.

2. నిర్లక్ష్య నిర్ధారణ:
ప్రధాన రహదారిలోకి ప్రవేశించే వాహనం అప్పటికే అందులో సాగుతున్న వాహనాలకు దారి ఇవ్వాలి. వరుస మారేముందు సంకేతం చూపాలి. అయితే ఇంతమాత్రాన లారీ డ్రైవరు బాధ్యత తొలగిపోదు. అతివేగం, ముందున్న వాహనానికి తగిన దూరం పాటించకపోవడం కూడా నిర్లక్ష్యమే. ఇక్కడ క్రిమినల్ కేసులో వలె సందేహాతీతమైన రుజువు అవసరం లేదు. సంభావ్యత ఎటు మొగ్గుతుందో చూపితే చాలునని సుప్రీంకోర్టు బిమలాదేవి కేసులో (2009) స్పష్టం చేసింది. కాబట్టి ప్రమాదస్థల పటం, వాహనాలకు తగిలిన దెబ్బల స్థానం, సీసీటీవీ దృశ్యాలు, తొలి వాంగ్మూలం కీలకమవుతాయి. “లారీ గుద్దింది” అన్న ఒక్క మాటకంటే ఆటో రహదారిలోకి పూర్తిగా చేరిందా, సగమే చేరిందా, దెబ్బ ఏ పక్కన తగిలింది అన్న వివరాలు వాంగ్మూలంలో నమోదు కావడం ముఖ్యం.

3. నడిపినవారు – ప్రయాణించినవారు:
వాహనం నడిపిన వ్యక్తి గాయపడితే, ప్రమాదంలో అతని తప్పు ఎంత ఉందో అంత మేరకు పరిహారం తగ్గుతుంది. ప్రయాణికురాలి స్థితి వేరు. ఆటో, లారీ డ్రైవర్లు ఇద్దరూ తప్పు చేసినా ఆమె తప్పు లేదు. ఇటువంటి సంయుక్త నిర్లక్ష్యంలో బాధితులు మొత్తం పరిహారాన్ని బాధ్యులలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చని ఖెన్యెయి కేసులో (2015) సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తప్పు వాటాలు తేలలేదన్న కారణంతో ఆమెకు చెల్లింపు ఆగరాదు.

4. వైకల్యం – ఆర్జనశక్తి:
వైద్యుడు నిర్ణయించే వైకల్య శాతం, ట్రిబ్యునల్ నిర్ణయించే ఆర్జనశక్తి నష్టం ఒకటి కావు. రాజ్‌కుమార్ కేసు తీర్పు (2010) ఈ భేదాన్ని విశదపరిచింది. చేయి కోల్పోతే వడ్రంగికి జీవనోపాధే పోవచ్చు. గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు.

ఉదాహరణలోని మహిళకు శరీరం మొత్తానికి 20 శాతం వైకల్యమని ధ్రువపత్రం వచ్చిందనుకుందాం. వార్షికాదాయం 1,08,000 రూపాయలు. స్వయంఉపాధి లేదా స్థిరవేతనం గల, 40 ఏళ్లలోపు వారికి ప్రణయ్ సేఠీ తీర్పు (2017) అనుసరించి భవిష్యత్ ఆదాయవృద్ధికి 40 శాతం కలిపితే 1,51,200 అవుతుంది. సరళావర్మ తీర్పు (2009) ప్రకారం 31–35 ఏళ్ల వయసుకు గుణకం 16. ధ్రువపత్రంలోని 20 శాతాన్నే తీసుకుంటే భవిష్యత్ ఆదాయనష్టం 4,83,840 రూపాయలు. వేళ్ల పట్టు లేకుండా పిక్కలు కొట్టలేదు గనుక ఆర్జనశక్తి నష్టం 60 శాతమని ట్రిబ్యునల్ అంగీకరిస్తే అది 14,51,520 రూపాయలు. చికిత్స ఖర్చులు, చికిత్సాకాలపు కూలి నష్టం, బాధ, జీవనసౌఖ్య నష్టం దీనికి అదనం. ఈ వ్యత్యాసమంతా ఆమె పని స్వభావాన్ని ఎంత వివరంగా నిరూపించారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

కిలోల లెక్కన కూలి పొందేవారికి జీతపు చీటీ ఉండకపోవచ్చు. వేతనపత్రం లేనంత మాత్రాన కనీస వేతనమే పరమప్రమాణం కాదని చంద్ర కేసులో (2021) సుప్రీంకోర్టు పేర్కొన్నది. యజమాని సాక్ష్యం, తోటి కార్మికుల వాంగ్మూలం, బ్యాంకు ఖాతా వివరాలు ఇందుకు ఉపకరిస్తాయి.

5. విధానం, గడువు:
2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణల ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు దరఖాస్తు చేయాలి. ఈ గడువు చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేసినప్పటికీ, దానిని పాటించడమే క్షేమం. పోలీసులు 48 గంటలలో తొలి నివేదికను, 90 రోజులలో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. ప్రమాదస్థలంలోనే కాక బాధితులు నివసించే చోట కూడా దరఖాస్తు చేయవచ్చు. వలస వెళ్లి పరరాష్ట్రంలో గాయపడిన ఉద్దానం కూలీలకు ఇది పెద్ద వెసులుబాటు.

తప్పు నిరూపించకుండానే తీవ్రగాయానికి 2,50,000 రూపాయలు పొందే మార్గాన్ని 164వ సెక్షను కల్పిస్తుంది. కాని ఆ మొత్తాన్ని చట్టం చెప్పిన పద్ధతిలో స్వీకరిస్తే ట్రిబ్యునల్‌లోని దరఖాస్తు రద్దవుతుంది. ఆసుపత్రి అప్పుల ఒత్తిడిలో ఉన్న కుటుంబం సంతకం చేసేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి. ఢీకొట్టిన వాహనం ఏదో తెలియనప్పుడు తీవ్రగాయానికి 161వ సెక్షను కింద లభించేది 50,000 రూపాయలే. అందువల్ల వాహనం నంబరు నమోదు అత్యంత విలువైనది.

6. ముగింపు:
దారులు కలిసే చోట తప్పు ఎవరిదో తేల్చడం వాదోపవాదాలకు లోబడిన విషయం. షేర్ ఆటో ప్రయాణికులకు ఆ వాదం అడ్డుగోడ కానక్కరలేదు. వారి పరిహారాన్ని పెంచేది, తగ్గించేది వారి శ్రమకు సంబంధించిన సాక్ష్యం. పిక్క కొట్టే చేతికి వేళ్ల పట్టు ఎంత అవసరమో వైద్య ధ్రువపత్రం చెప్పదు. దానిని తోటి కార్మికులు, యజమాని, న్యాయవాది కలిసి ట్రిబ్యునల్ ముందుంచాలి. అప్పుడే చట్టం చెప్పిన న్యాయమైన పరిహారం ఉద్దానం కూలి మనిషికి అందుతుంది.