దూరవిద్యలో సంగీత శాస్త్రం: పాఠ్యపుస్తకం ఎంతవరకు, గురుముఖం ఎంతవరకు

కర్ణాటక సంగీతంలో విశ్వవిద్యాలయ కోర్సును ఇంటి వద్ద నుండే అభ్యసించే అవకాశం తెలుగువారికి కొత్తది కాదు. 1985లో హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం తన దూరవిద్యా కేంద్రం ద్వారా సంగీత విశారద, లలిత సంగీతంలో డిప్లొమా వంటి కోర్సులను నిర్వహిస్తూ వచ్చింది. అదే సంవత్సరం ఏర్పాటైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా కర్ణాటక, హిందుస్థానీ సంగీతాలలో సర్టిఫికెట్ కోర్సులను ప్రవేశపెట్టింది. ఉద్యోగం మానుకోలేనివారికి, సంగీత కళాశాల అందుబాటులో లేని ప్రాంతాల వారికి, ఏళ్ల తరబడి సాధన ఉన్నప్పటికీ చేతిలో పట్టా లేని ఆలయ విద్వాంసులకు, ఇళ్లలో పాఠాలు చెప్పుకొనే ఉపాధ్యాయులకు ఈ విధానం ఉపయోగపడుతుంది.

పాడి నేర్చుకోవలసిన విద్య పుస్తకంతో ఎలా వస్తుందన్న సందేహం సహజం. సంగీత పాఠ్యక్రమంలో శాస్త్రం, ప్రయోగం అని రెండు భాగాలు ఉంటాయి. వీటిలో శాస్త్రం దూరవిద్యకు బాగా ఒదుగుతుంది. ఇందుకు మేళకర్త పద్ధతే చక్కని ఉదాహరణ.

17వ శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి చతుర్దండీ ప్రకాశికలో ప్రతిపాదించిన 72 మేళాల విధానం పూర్తిగా గణితబద్ధమైనది. ధీరశంకరాభరణం అనే పేరులోని మొదటి రెండు అక్షరాలకు కటపయాది పద్ధతిలో 9, 2 విలువలు వస్తాయి. వాటిని తిప్పి చదివితే 29. అది 36 లోపు సంఖ్య గనుక రాగంలో శుద్ధ మధ్యమం ఉంటుంది. చక్రానికి 6 మేళాల చొప్పున లెక్కిస్తే 29వది అయిదవ చక్రంలో అయిదవ మేళం. చక్రాన్ని బట్టి చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం. చక్రంలోని స్థానాన్ని బట్టి చతుశ్శ్రుతి ధైవతం, కాకలి నిషాదం తేలుతాయి. 29కి 36 కలిపితే 65వ మేళమైన మేచకల్యాణి వస్తుంది. రెండింటికీ భేదం మధ్యమం ఒక్కటే. విద్యార్థి ఈ లెక్కను కాగితం, కలంతో స్వయంగా సాధించగలడు. 7 తాళాలను 5 జాతులతో హెచ్చించి 35 తాళాలు రాబట్టడం, వాగ్గేయకారుల చరిత్ర, రాగ లక్షణాలు కూడా ఈ కోవలోనివే.

చిక్కు గమకం వద్ద వస్తుంది. 8వ మేళమైన హనుమతోడిలో సాధారణ గాంధారం ఉంటుందని రాసిన విద్యార్థికి మార్కులు పడతాయి. కానీ పాటలో ఆ గాంధారం ఒక్కచోట నిలవదు, ఊగుతుంది. ఆ ఊగును చెవితో పట్టలేని విద్యార్థికి తోడి శాస్త్రం వచ్చినట్లు కాదు.

ఈ సమస్యను ఒక శతాబ్దం క్రితమే ఎదుర్కొన్న గ్రంథం తెలుగులో ఉన్నది. సుబ్బరామ దీక్షితులు రచించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయింది. కృతులను స్వరపరచడమే గాక, ఒక్కొక్క గమకానికి ఒక్కొక్క గుర్తును నిర్ణయించి స్వరాలపై ముద్రించడం దాని విశిష్టత. ఆ గుర్తులు సైతం అదివరకే వినికిడి ఉన్నవారికే పూర్తిగా బోధపడతాయి. అందువల్ల సంగీతంలో దూరవిద్యకు శ్రవణ పాఠాలు, సంపర్క తరగతులు తప్పనిసరి అంగాలు.

ఒకప్పుడు క్యాసెట్ చేసిన పనిని నేడు మొబైల్ ఫోన్ చేస్తున్నది. అయితే వీడియో తరగతిలో ధ్వని కొద్ది ఆలస్యంగా చేరుతుంది గనుక గురుశిష్యులు కలిసి తాళం వేయడం సాధ్యపడదు. విద్యార్థి తంబుర శ్రుతితో పాడి, రికార్డు చేసి పంపితే గురువు విని సవరించే పద్ధతే ఇంతవరకు మేలైనదిగా కనిపిస్తున్నది. శ్రమ కూడా తక్కువేమీ కాదు. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయ లెక్క ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల అధ్యయనం; 4 క్రెడిట్ల పేపరుకు 120 గంటలు కావాలి.

ఇక గుర్తింపు విషయం. అభ్యర్థులు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2020లో జారీ చేసిన నిబంధనల మేరకు, గుర్తింపు పొందిన సంస్థ దూరవిద్య ద్వారా ఇచ్చే డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. ఈ విషయాన్ని సంఘం 2022లో మరోసారి స్పష్టం చేసింది. అయితే విశ్వవిద్యాలయానికి పేరున్నంత మాత్రాన సరిపోదు. అభ్యర్థి చేరిన విద్యా సంవత్సరంలో, చేరిన ఆ కోర్సుకే దూరవిద్యా విధానంలో అనుమతి ఉండాలి. ధ్రువపత్రాలను పరిశీలించే అధికారులు సంఘానికి చెందిన దూరవిద్యా బ్యూరో జాబితాలో సంస్థ, కోర్సు, సంవత్సరం మూడింటినీ సరిచూడవలసి ఉంటుంది.

సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ వేర్వేరు స్థాయిలు. ప్రవేశ ప్రకటనలను ప్రచురించేటప్పుడు పత్రికలు వీటన్నింటినీ కలిపి ‘సంగీతంలో డిగ్రీ’ అని వ్యవహరిస్తే, సంగీత ఉపాధ్యాయ పోస్టుకు దరఖాస్తు చేసే దశలో అభ్యర్థి ఇబ్బందుల పాలవుతాడు. రుసుము చెల్లించే ముందే తాను కోరుకున్న పోస్టుకు నిర్దేశించిన విద్యార్హతను, ప్రయోగ పరీక్ష ఎక్కడ జరుగుతుందో, సంపర్క తరగతులు ఎన్ని రోజులో ప్రాస్పెక్టస్‌లో చూసుకోవాలి.