తప్పు కుక్కపిల్లది కాదు - వేళ తప్పినవారిది!

తెచ్చిన రోజున కుక్కపిల్ల ఇంటిల్లిపాదికీ ముద్దే. పిల్లలు పేరు పెడతారు, పాలు పోస్తారు, పక్కలో పడుకోబెట్టుకుంటారు. వారం తిరిగేసరికి నడవలో మూత్రం, మంచం కింద దొడ్డి. కడిగి కడిగి ఇల్లాలికి విసుగు. మూడో వారానికి చీపురుకట్ట పైకి లేస్తుంది. నెల నిండకముందే ఎవరో ఒకరు దాన్ని గోనెసంచిలో వేసి, మోటారు సైకిలు మీద పొరుగూరి పొలిమేరలో వదిలి వస్తారు. ఏ ఊళ్లోనైనా వినబడే కథే ఇది.

అలా వదిలేసిన పిల్ల చచ్చిపోకుండా మిగిలితే వీధికుక్క అవుతుంది. దానికి పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించే దిక్కుండదు. రేపు బడికి పోయే పిల్లలను కరిస్తే అడగడానికి యజమాని ఉండడు. ఒక ఇంటి చిరాకు చివరకు ఊరి ముప్పుగా మారుతుంది.

పాత ఇళ్లలో లేని బాధ

కొల్లేటి ప్రాంతంలో బాతుల వెంట తిరిగే జోనంగికి గానీ, గొర్రెల మంద వెంట నడిచే నాటుకుక్కకు గానీ ఈ చదువు ఎవరూ చెప్పలేదు. అవసరం రాలేదు. వాటి కాపురం పెరట్లో, అరుగు కింద, పశువుల పాకలో. వేళకు లేచి చేనుగట్టుకు పోయి వచ్చేవి.

ఇప్పుడు పల్లెల్లోనూ డాబాలు, నాపరాళ్లు, గేట్లు వచ్చాయి. పట్నం నుంచి తెచ్చిన బొచ్చుకుక్కలు గదుల్లో పెరుగుతున్నాయి. పడుకునే చోటును పాడు చేసుకోకపోవడం కుక్కజాతికి సహజం. మూడు వారాలు దాటిన పిల్ల కూడా తల్లి పడక వదిలి నాలుగడుగులు అవతలికి పోతుంది. అయితే దాని లెక్కలో ఇల్లంటే తాను పడుకునే మూల ఒక్కటే. అవతలి గది దానికి బయటి కిందే లెక్క. ఇల్లంతా ఇల్లేనని నేర్పవలసింది మనుషులే.

వేళ పట్టుకోవాలి

రెండు నెలల పిల్ల పగటిపూట రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. పొగరుబోతుతనం కాదు, దానికి ఆ పట్టు ఇంకా రాలేదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడుకున్న తర్వాత, రాత్రి పడుకోబోయే ముందు తప్పకుండా బయటకు తీసుకుపోవాలి. రాత్రి ఒక్కసారైనా లేవక తప్పదు. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతున్నా, తలుపు వైపు పోయి నిలబడినా వేళ అయిందని గుర్తు.

రోజూ ఒకే చోటికి, ఒకే దారిన తీసుకుపోవాలి. పెరటి మూల గానీ, చెత్తకుప్ప పక్క గానీ మనుషులు నడవని చోటు మేలు. పని కాగానే అక్కడికక్కడే మెచ్చుకుని, చిన్న రొట్టెముక్కో, మరేదైనా తిండో పెట్టాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే దేనికి పెట్టారో దానికి తెలియదు.

తిండి కూడా వేళకే పెట్టాలి. గిన్నె నిండా పెట్టి రోజంతా వదిలేస్తే దొడ్డికి ఎప్పుడు పోతుందో ఎవరికీ అందదు. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఇల్లు తడుస్తుందని ఎండాకాలంలో నీళ్లు మాన్పించడం ప్రాణం మీదకు తెస్తుంది.

కొడితే చాటున పోస్తుంది

పొద్దున పోసిన మూత్రానికి మధ్యాహ్నం కొడితే, ముక్కు నేలకేసి రుద్దితే కుక్కకు అర్థమయ్యేది ఒక్కటే: ఈ మనిషిని చూస్తే భయపడాలి. ఆ తర్వాత అది మనిషి ఎదుట బయట కూడా పోయదు. ధాన్యం బస్తాల చాటున పోస్తుంది. తల వంచుకుని చూసే చూపును జనం తప్పు ఒప్పుకున్నట్టు అనుకుంటారు. అది కోపంగా ఉన్న ముఖాన్ని చూసి పడే భయమే. కొన్ని పిల్లలు గద్దించగానే ఉన్నచోటే మూత్రం పోసేస్తాయి. అరిచేకొద్దీ ఇది ఎక్కువవుతుంది.

పోస్తుండగా కంటపడితే ఒక చప్పట్లు కొట్టి, వెంటనే బయటకు తీసుకుపోతే చాలు. చూసుకునే తీరిక లేని వేళ పొట్టి తాడుతో దగ్గరలో కట్టుకోవాలి. అయితే రోజంతా కట్టి ఉంచరాదు.

పోసిన చోట వాసన మిగిలితే కుక్క మళ్లీ అక్కడికే వస్తుంది. ఫినాయిలు ఘాటుతో మన ముక్కును మోసం చేయవచ్చు గానీ కుక్క ముక్కును చేయలేం. సబ్బునీళ్లతో కడిగి, వంటసోడా చల్లి, ఆరాక తుడవాలి. మట్టినేల అయితే తడిసినంత మేర గీకి కొత్తమట్టి వేసి అలకాలి.

జబ్బు కావచ్చు

అలవాటు పడిన కుక్క ఉన్నట్టుండి ఇల్లు పాడుచేస్తే ముందు పశువైద్యుడికి చూపించాలి. మూత్రంలో మంట, చక్కెర వ్యాధి, ముసలితనం కారణాలు కావచ్చు. పిల్లకు వాంతులు, నెత్తుటి విరేచనాలు ఉంటే పార్వో వ్యాధి అయి ఉండవచ్చు. పూట ఆలస్యమైనా ప్రాణాపాయమే. ఎదిగిన మగకుక్క గోడలకు, స్తంభాలకు కాలెత్తడం తన హద్దు చెప్పుకోవడం. గర్భనిరోధక ఆపరేషన్ చేయిస్తే చాలావాటిలో ఇది తగ్గుతుంది.

కుక్క మలంలోని కొంకిపురుగుల పిల్లలు వట్టికాళ్లతో నడిచేవారి చర్మంలోకి దూరుతాయి. నేల మీద పాకే పసిపిల్లలు ఉన్న ఇంట్లో కుక్కకు నట్టల మందు తప్పనిసరి. మూడు నెలలకు పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయించాలి.

వదిలేయడం నేరం

తిండీ నీళ్లూ లేక అలమటించేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. గోనెసంచిలో పొలిమేర దాటించేవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు.

కుక్క తోక వంకర అంటారు. అది తోక సంగతి, అలవాటు సంగతి కాదు. ఇంట్లో ఒకరు బాధ్యత తీసుకుని వేళ తప్పకుండా తిప్పితే కొద్ది వారాల్లో మార్పు కనిపిస్తుంది. నడుమ ఒకటి రెండుసార్లు ఇల్లు తడిసినా ఆరేడు నెలలు నిండేసరికి చాలా కుక్కలు తలుపు దగ్గర నిలబడి తామే పిలుస్తాయి. ఆ నాలుగు వారాలు నిద్ర లేవగలమా అన్నది పిల్లను తెచ్చుకునే ముందే ఇంట్లో మాట్లాడుకోవలసిన మాట.