రైలు దిగిన తరువాత – తిరుపతి యాత్రలో చివరి పది కిలోమీటర్లు

తిరుమల యాత్రకు సంకల్పించిన భక్తులు రైలు టిక్కెట్టు, దర్శనం టిక్కెట్టు, వసతి అనే మూడింటినీ ముందుగా సమకూర్చుకుంటారు. రైలు దిగిన చోటి నుండి కొండ ఎక్కే బస్సు వరకు ఉన్న దారిని గురించి ఆలోచించేవారు మాత్రం తక్కువ. వృద్ధులు, చంటిబిడ్డల తల్లులు ఎక్కువగా అలసిపోయేది అక్కడే. దూరదేశాలలో ఉన్న బిడ్డలు టిక్కెట్లు తీసి పంపగా, తలిదండ్రులు తోడు లేకుండా బయలుదేరే ఈ రోజులలో ఆ దారిని ముందే తెలుసుకొని ఉండడం ఎంతో అవసరం.

రేణిగుంటలోనే ఎందుకు దిగాలి?

చాలా రైళ్లు తిరుపతికి రాకుండా రేణిగుంట మీదుగానే ఎందుకు వెళ్లిపోతాయని పలువురు అడుగుతుంటారు. కారణం రైలుమార్గాల అమరికలో ఉన్నది. చెన్నై నుండి గుంతకల్లు మీదుగా ముంబయికి పోయే ప్రధానమార్గం రేణిగుంట గుండా సాగుతుంది. గూడూరు నుండి శ్రీకాళహస్తి మీదుగా వచ్చే మార్గం అక్కడే కలుస్తుంది. తిరుపతి ఆ కూడలికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, పాకాల, కాట్పాడి వైపు పోయే మార్గం మీద ఉన్నది. చెన్నై–ముంబయి రైలు తిరుపతికి రావాలంటే దారి మళ్లి, మరల వెనుకకు పోవలసి ఉంటుంది.

రేణిగుంటలో దిగినవారికి రెండు మార్గాలున్నాయి. అరక్కోణం, నెల్లూరు వైపుల నుండి తిరుపతికి నడిచే మెమూ రైళ్లకు రిజర్వేషను అక్కరలేదు. కౌంటరులో సాధారణ టిక్కెట్టు చాలు. అయితే అవి నిర్ణీత వేళలలోనే ఉంటాయి. రెండవది ఆర్టీసీ బస్సు. పగటిపూట బస్సులకు కొరత లేదు. రాత్రి పొద్దుపోయాక అవి తగ్గుతాయి.

అర్ధరాత్రి దిగి, హెచ్చు కిరాయి ఇచ్చి వెంటనే కొండకు పోవాలని ఆత్రపడడం వలన ప్రయోజనం లేదు. ఘాట్ రోడ్డును రాత్రి వేళ కొన్ని గంటలపాటు మూసి ఉంచుతారు. తిరుపతిలో బస ఏర్పరచుకోనివారు స్టేషనులోని నిరీక్షణశాలలో తెల్లవారే వరకు విశ్రమించి బయలుదేరడం క్షేమం. టిక్కెట్టు తీసేటప్పుడే నేరుగా తిరుపతి చేరే రైలు దొరికితే, అది గంట ఆలస్యంగా చేరేదైనా, పెద్దవారికి అదే మేలు.

తిరుపతి నుండి కొండకు

తిరుపతి స్టేషనుకు ఎదురుగా విష్ణునివాసం, బస్ స్టేషనుకు ఎదురుగా శ్రీనివాసం వసతి సముదాయాలున్నాయి. తిరుమల బస్సులు ఈ రెండు తావుల నుండీ లభిస్తాయి. అలిపిరి వద్ద అందరూ దిగి సామానును తనిఖీ చేయించుకోవాలి. కొండపైకి ప్రయాణం సుమారు గంట పడుతుంది. రద్దీ రోజులలో తనిఖీకి పట్టే సమయాన్ని కూడా దర్శనవేళకు ముందే లెక్కించుకోవాలి.

కాలినడకన వెళ్లేవారికి అలిపిరి మార్గంలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లు. ఈ రెండు చోట్లకూ తిరుమల తిరుపతి దేవస్థానం ఉచిత బస్సులు నడుపుతున్నది. నడిచేవారి సామానును కొండపైకి ఉచితంగా చేరుస్తుంది.

మహిళలు గమనింపవలసిన విషయం ఒకటున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకం క్రింద రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలైన బస్సులలో ప్రయాణం ఉచితం. తిరుపతి–తిరుమల సప్తగిరి బస్సులకు ఇది వర్తించదు. గుర్తింపు కార్డుతో పాటు కొండ బస్సు ఛార్జీ కూడా చేత ఉంచుకోవాలి.

తిరుగు ప్రయాణం

శ్రీకాళహస్తీశ్వరుని దర్శించిన పిదప మరెక్కడికీ పోక ఇంటికి చేరాలన్నది పెద్దల ఆచారం. కోస్తా జిల్లాల వారికి రైలుమార్గమూ అందుకు అనుకూలమే. తిరుపతి నుండి బస్సులో శ్రీకాళహస్తి చేరి, దర్శనానంతరం ఆ ఊరి స్టేషనులోనే గూడూరు వైపు రైలు ఎక్కవచ్చు. తమ రైలు అక్కడ ఆగునో లేదో ముందే చూసుకోవాలి. కాణిపాకం వెళ్లదలచినవారు పాకాల మీదుగా పోయే రైలులో చిత్తూరులో దిగితే, అక్కడి నుండి స్థానిక బస్సులో వినాయకస్వామి సన్నిధికి చేరవచ్చు.

తలిదండ్రులను యాత్రకు పంపే బిడ్డలకు ఒక మనవి. దిగవలసిన స్టేషను, ఎక్కవలసిన బస్సు, బస చేయవలసిన సత్రం, పిలువవలసిన ఫోన్ నంబరు – ఈ నాలుగింటినీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి వారి చేతికివ్వండి. ఫోనులో పంపిన టిక్కెట్టు ఛార్జింగు ఉన్నంత వరకే కనిపిస్తుంది. జేబులోని కాగితం అర్ధరాత్రి రేణిగుంటలోనూ దారి చూపుతుంది.