గొట్టం పొడుగు - నీళ్ల జోరు

మోటారు దగ్గరి మడికి నీళ్లు జోరుగా పారతాయి. అదే మోటారుకు పొడుగాటి పైపు వేస్తే చివర జోరు తగ్గుతుంది. ఎందుకని? నీళ్లు పైపు లోపలి గోడలను రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడికి కొంత బలం ఖర్చవుతుంది. ఫైరింజన్ గొట్టంలోనూ ఇదే జరుగుతుంది.

వరంగల్ నగరంలో మట్టెవాడ పాత పేట. అక్కడ ఒక ఇరుకు సందు చివర, మేడ మీద నిప్పంటుకుంది అనుకుందాం. ఫైరింజన్ సందు మొదట్లోనే ఆగింది. మంట దగ్గరికి 120 మీటర్లు. ఒక్కో గొట్టం 30 మీటర్లు. అంటే నాలుగు గొట్టాలు తగిలించాలి. మరి పంపు ఎంత ప్రెషర్ ఇవ్వాలి?

లెక్క చూద్దాం. ప్రెషర్‌ను కిలోలలో చెబుతారు. చదరపు సెంటీమీటరు మీద ఇన్ని కిలోల ఒత్తిడి అని అర్థం.

గొట్టం వెడల్పు 63 మిల్లీమీటర్లు. నిమిషానికి 450 లీటర్లు పోతే ఒక్కో గొట్టంలో సుమారు 0.2 కిలో పోతుంది.

నాలుగు గొట్టాలకు: 4 × 0.2 = 0.8
మేడ ఎత్తు 10 మీటర్లకు: 1.0
గొట్టం మూతి దగ్గర కావలసింది: 3.5
మొత్తం: 5.3 కిలోలు

ఈ మూడు సంగతులు గుర్తుంచుకోండి.

1. గొట్టం పొడుగు రెట్టింపైతే నష్టమూ రెట్టింపు.
2. అదే గొట్టంలో రెట్టింపు నీళ్లు పంపితే నష్టం నాలుగింతలు. 0.8 కాస్తా 3.2 అవుతుంది. అందుకే ఎక్కువ నీళ్లు కావాలంటే పక్కన ఇంకో వరుస గొట్టాలు వేస్తారు.
3. నీళ్లు అన్నే ఉండి గొట్టం వెడల్పు సగమైతే నష్టం సుమారు 32 రెట్లు.

గొట్టం మెలిపడినా, దాని మీద బండి ఎక్కినా నీటి దారి ఇరుకవుతుంది. జోరు పడిపోతుంది. కాబట్టి సందులో బళ్లు అడ్డంగా పెట్టవద్దు. పరచిన గొట్టాన్ని తొక్కవద్దు. నిప్పంటుకుంటే వెంటనే 101కి ఫోన్ చేయండి.

ఇప్పుడు మీరు చేయండి: బళ్లు అడ్డం ఉండి ఫైరింజన్ ఇంకా 120 మీటర్ల వెనకే ఆగిపోయింది. మొత్తం ఎనిమిది గొట్టాలు. పంపు ఎన్ని కిలోలు ఇవ్వాలి?

(జవాబు: 6.1 కిలోలు. కాని నాలుగు గొట్టాలు ఎక్కువ పరచడానికి పట్టే సమయాన్ని ఏ పంపూ తిరిగి ఇవ్వలేదు.)